షెడ్డుకి ఇద్దరు మేడంలు

మేడ మీద పెట్టె లాగుతున్న చప్పుడు వంటింట్లోకి స్పష్టంగా వినపడుతోంది.

అక్క పొయ్యి ముందు నిలబడి ఆ చప్పుడే వింటోంది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

"పిన్ని సర్దుకుంటోంది," అంది కూతురు. సగం జడతో, చేతిలో దువ్వెనతో గుమ్మంలో నిలబడి ఉంది. "వెళ్ళిపోతోందమ్మా."

"వెళ్తే వెళ్తుంది. చిన్నపిల్లా ఏమన్నానా?"

"నా జడ సగంలో ఆపేసింది. ఏడుస్తుంటే నేను చూడకూడదని కిందికి పంపేసింది."

"ఇలా రా. నేను వేస్తా."

"వద్దులే. నువ్వు గట్టిగా లాగుతావు."

ఉన్న సగం జడ కూడా విప్పేసి, జుట్టంతా ఒక రబ్బరు బ్యాండులో దూర్చి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది పిల్ల. ఆ బ్యాగు అక్క స్వయంగా కుట్టింది. దానికి వేలాడుతున్న గుడ్డముక్కల పిట్ట మాత్రం చెల్లెలు చిట్టి చేసింది. స్కూల్లో అందరూ అడిగేది ఆ పిట్ట గురించే.

స్నానం చేసి వచ్చిన భర్త పొయ్యి వంక చూశాడు, భార్య వంక చూశాడు, గుడ్డ తీసుకుని తనే పాలు తుడిచాడు.

"పైకెళ్ళి ఒక్క మాట అనెయ్యి. అక్కడితో అయిపోతుంది."

"ఏమని? నేనేం తప్పు మాట్లాడాను?"

"నిన్న ఆ మేనేజర్ చిట్టిని చూసి ఏమడిగాడు? ఈవిడ మీ పార్ట్‌నరా అన్నాడు. మా చెల్లెలండీ అని ఊరుకోవచ్చుగా."

"వ్యాపారం దగ్గర అక్కలూ చెల్లెళ్ళూ ఏమిటి? పార్ట్‌నర్ కాదు. మా దగ్గర పనిచేస్తుంది అన్నాను. అబద్ధమా?"

"అబద్ధం కాదు. అందుకే అంత గట్టిగా తగిలింది."

అక్కకి నిన్నటి సంగతి మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. పెద్ద స్టోర్ల కంపెనీ వాళ్ళ పర్చేజ్ మేనేజర్ తమ బ్యాగులు కుట్టే షెడ్డు చూడటానికి వచ్చాడు. ఇరవై ఊళ్ళలో కొట్లున్న కంపెనీ. ఆయన ముందు గుడ్డల గురించీ జిప్పుల గురించీ అక్క వివరంగా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. కానీ పనివాళ్ళ మధ్యకి నడిచాక చిట్టి పక్కనే తిరిగాడు. ఎవరు ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఎవరు ఏ పనిలో చురుకు, పని పెరిగితే ఎవరిని పైకి తేవచ్చు, అన్నీ చిట్టినే అడిగాడు. ఇద్దరూ దేనికో నవ్వుకున్నారు కూడా. అప్పుడే వచ్చింది ఆ పార్ట్‌నర్ ప్రశ్న.

అక్క జవాబు విని చిట్టి వెళ్ళి ఫ్లాస్కు తెచ్చి అందరికీ టీ పోసింది. జీతానికి పనిచేసే మనిషి ఎలా పోస్తుందో అలాగే, పోసి ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చిట్టి వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడికి?" అంది అక్క.

"స్నేహితురాలి ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందిట. ఇవాళ చూసొస్తాను."

"షెడ్డుకి రావా? స్కూలు బ్యాగులు ఈ వారమే పంపాలి."

"సెలవు పెట్టాను."

"ఎవరికి చెప్పి?"

చిట్టి సీసా మూత బిగించింది. "మీకే చెప్తున్నాను మేడం."

భర్త తల దించుకుని బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. కట్టిన లేసే మళ్ళీ విప్పి కట్టాడు.

"వెటకారాలొద్దు," అంది అక్క.

"వెటకారమేముంది? మొన్నటిదాకా తెలియక అక్కా అన్నాను. నిన్న తెలిసింది."

ఎలా వచ్చిందో అలాగే పైకి వెళ్ళిపోయింది.

* * *

ఇద్దరూ కారులో షెడ్డుకి బయలుదేరారు. సిగ్నల్ దగ్గర ఆగాక భర్త అన్నాడు.

"ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి కొత్త మిషన్లు తెచ్చాం. ఆ స్టోర్ల కంపెనీ ఆర్డరు వస్తేనే ఆ వాయిదాలు కట్టగలం. ఇలాంటప్పుడు చిట్టిని దూరం చేసుకుంటే షెడ్డు ఎవరు చూస్తారు?"

"చిట్టి రాకముందు ఎవరు చూశారు?"

"అప్పుడు ఆరు మిషన్లు. ఇప్పుడు నలభై."

"ఆ ఆరింటి ముందు ఒక్కటుండేది. ముందుగదిలో. దాని మీద కూచుని కుట్టింది నేను. అది కూడా చెప్పండి."

"నేను కాదన్నానా?"

"అనరు. మీరు ఏదీ అనరు. దాని మాటలకి మాత్రం నవ్వుతారు."

ఆయన ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. వెనక కారు హారన్ కొట్టింది.

ఆ మాట ఎందుకు అన్నానా అని అక్కే అనుకుంది. భర్త మీద అనుమానం లేదు. ఆయన ఎలాంటివాడో తెలుసు, చిట్టి ఎలాంటిదో తెలుసు. అది కాదు. రోజంతా జిప్పుల ధరలూ గుడ్డ థాన్లూ మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చేసరికి తన దగ్గర నవ్వించే మాట ఒక్కటీ మిగలదు. చిట్టి దగ్గర మిగులుతుంది. అదే షెడ్డులో, అంతే సేపు పనిచేసి కూడా మిగులుతుంది. ఎలా మిగులుతుంది?

రెండేళ్ళ క్రితం పనిచేస్తున్న ఆఫీసు మూతపడితే, కొన్నాళ్ళు ఉంటానక్కా అని వచ్చింది చిట్టి. ఊరికే కూర్చోలేక షెడ్డులో హాజరు చూస్తానంది. తర్వాత జీతాలు చూసింది. ఆ తర్వాత జీతాలు తీసుకునేవాళ్ళని చూడటం మొదలుపెట్టింది. ఎవరి అత్తగారు ఆస్పత్రిలో ఉంది, ఎవరి పిల్లాడు అన్నం సరిగా తినడం లేదు, ఎవరికి వెన్ను నొప్పి. మొదట్లో అక్క సంతోషించింది, ఓ తలనొప్పి తగ్గిందని. అది ఎప్పుడు వేరే నొప్పిగా మారిందో గుర్తులేదు.

షెడ్డులో అడుగుపెట్టగానే తెలిసింది, చప్పుడు తక్కువగా ఉంది. రెండో వరసలో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అమ్మాయిలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఎందుకు ఆపారు?"

కటింగ్ మాస్టర్ బల్ల దగ్గర్నుంచి వచ్చాడు. మొదటి ఆరు మిషన్ల కాలం నుంచీ ఉన్న మనిషి.

"పట్టీలు ఊడుతున్నాయి మేడం. భుజం దగ్గర కుట్టు నిలవడం లేదు. లాగితే గుడ్డతో సహా వచ్చేస్తోంది."

"ఎప్పటి నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

"నిన్న సాయంత్రం నుంచి ఊడుతుంటే నాకు ఎందుకు చెప్పలేదు?"

"చిన్న మేడం వచ్చాక చెబుదామని..."

"నేను లేనా? నా గది తలుపు మూసుందా?"

మాస్టర్ మెడ రుద్దుకున్నాడు. "మీరు కోప్పడతారని పిల్లలు భయపడ్డారు. ఉన్నమాట చెప్తున్నాను."

అక్క ఒక మిషన్ ముందు కూర్చుంది. అక్కడున్న అమ్మాయి గభాల్న లేచి పక్కకి జరిగింది. పట్టీ ఒకటి పెట్టి కుట్టి చూసింది. రెండు చేతులతో లాగింది. చిన్న చిరుగు వచ్చింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. కుట్టు పొడుగునా సన్నసన్నటి చిల్లులు కనపడ్డాయి.

"కొత్త గుడ్డ పాతదానికంటే పల్చన. సూదులు మాత్రం పాతవే. లావు సూదితో దగ్గర దగ్గరగా కుడితే చిల్లులన్నీ కలిసిపోయి, కాగితం చింపినట్టు చిరుగుతుంది. సన్న సూదులు తెండి. కుట్టు కొంచెం ఎడంగా పెట్టండి. ఈ మూలలో గుడ్డ లోపల ఇంకో ముక్క వేసి కుట్టండి."

తనే సూది మార్చి కుట్టి చూపించింది. మాస్టర్ తీసుకుని బలమంతా పెట్టి లాగాడు. పట్టీ ఊడలేదు. చుట్టూ చేరినవాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. ఎవరో చిన్నగా చప్పట్లు కూడా కొట్టారు.

అక్కకి ప్రాణం లేచొచ్చినట్టయింది. చాలా నెలల తర్వాత ఈ షెడ్డు తనది అనిపించింది.

"చిన్న మేడంకి ఫోన్ చేసి చెప్తే ఎంత సంతోషిస్తుందో," అంది మిషన్ మీది అమ్మాయి. "నిన్న పాపం చాలా దిగులుగా వెళ్ళింది."

అందరూ అవునంటే అవునన్నారు.

చేతిలో ఉన్న పాత సూది చెత్తబుట్టలో పడేసి, అక్క తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

* * *

పర్చేజ్ మేనేజర్ ఫోన్ మధ్యాహ్నం వచ్చింది.

"నమస్తే మేడం. ముందు ఒక మంచి మాట. మీ సరుకు మా వాళ్ళందరికీ నచ్చింది. ఆర్డరు మీకే. కాగితాలు రేపు పంపిస్తాం."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. "చాలా థాంక్సండీ."

"ఇంకో విషయం, ఇది వేరే సంగతి. మేం సొంతంగా ఒక కుట్టు యూనిట్ పెడుతున్నాం, వేరే ఊళ్ళో. రెండొందల మంది దాకా పనిచేస్తారు. మీతో పోటీ కాదులెండి, మేం చేసేది బట్టలు. దాన్ని నడపడానికి మనిషి కావాలి. మిషన్లు తెలిసినవాళ్ళు దొరుకుతారు. మనుషుల్ని తెలిసినవాళ్ళు దొరకడం కష్టం. నిన్న మీ దగ్గర పనిచేసే ఆవిడని చూశాను."

'మీ దగ్గర పనిచేసే ఆవిడ.' తన మాటే తనకి తిరిగొచ్చింది.

"వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆవిడని అడిగాను. మా అక్కని అడగండి, తను సరేనంటేనే అంది. మీరు అక్కాచెల్లెళ్ళని అప్పుడే తెలిసింది. అంత మాట పడి కూడా అలా అనడం..." ఆయన ఆగాడు. "పెద్ద మనసండీ ఆవిడది."

అక్క గాజు తలుపులోంచి షెడ్డు వంక చూసింది. రెండో వరస మిషన్లు నడుస్తున్నాయి. సన్న సూదులతో. తను చెప్పిన పద్ధతిలో.

టీ పోసి ఒక అడుగు వెనక్కి జరిగిన చిట్టి, గేటు దాకా వెళ్ళి అక్క మాటే నా మాట అని చెప్పింది. ఆ మంచితనం కూడా దానికే దక్కింది. రెండొందల మంది మీద కుర్చీ. తను పదకొండేళ్ళు కష్టపడితే నలభై మిషన్లు. నిన్న మొన్న హాజరు వేయడానికి వచ్చినదానికి రెండొందలు.

ఇక్కడుంటే అందరి కళ్ళలో పడుతోంది. అక్కడికి వెళ్తే తనకంటే ఎత్తున కూర్చుంటుంది. పొద్దున్నుంచీ వెళ్తే వెళ్ళనీ అనుకుంటున్న మనసే, ఇలా వెళ్ళడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"దానికి ఆ ఉద్దేశం లేదండీ," అంది అక్క. గొంతు చాలా మామూలుగా వచ్చింది. "మొహమాటానికి అలా అని ఉంటుంది. ఊరు వదిలి వెళ్ళదు. ఇంటి విషయాలు కొన్ని ఉన్నాయి."

"అయ్యో. ఒకసారి ఆవిడతో నేరుగా..."

"నేను అడిగే చెప్తున్నాను."

"సరే మేడం. అయితే ఇంకొకాయన ఉన్నారు, ఆయనతో మాట్లాడతాం. రేపటికి తేల్చెయ్యాలి."

ఫోన్ పెట్టేసింది. అప్పుడు వినపడింది, ప్లైవుడ్ గోడకి అవతల కుర్చీ కదిలిన చప్పుడు. అవతల భర్త బల్ల ఉంది. బ్యాంకుకి వెళ్ళాడనుకుంది. వెళ్ళలేదు.

ఆయన ఈ గదిలోకి రాలేదు. సాయంత్రం దాకా రాలేదు.

* * *

ఇంటికి వచ్చేసరికి చిట్టి ముందుగదిలో కూర్చుని ఉంది. పక్కన పిల్ల హోంవర్క్ చేసుకుంటోంది, నీటుగా వేసిన జడతో.

"గది చూశావా?" అని అడిగాడు భర్త.

"చూశాను బావా. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. గాలి కూడా అడిగి రావాలి." నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆపేసింది. "అక్కా, నీతో ఒక మాట."

అక్క హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టింది.

"పొద్దున మేడం అన్నాను. అనకుండా ఉండాల్సింది. రోజంతా అదే తిరుగుతోంది బుర్రలో." చిట్టి కాసేపు తటపటాయించింది. "నిన్న ఆ మేనేజర్ నాకో ఉద్యోగం గురించి చెప్పాడు. నిన్ను అడగమన్నాను. నీకేమైనా ఫోన్ చేశాడా?"

భర్త బూట్లు విప్పుకుంటూ అలాగే వంగి ఉండిపోయాడు.

"లేదు," అంది అక్క.

"చెయ్యలేదా?"

"ఆర్డరు ఖాయమని చేశాడు. నీ గురించి ఏమీ అనలేదు."

చిట్టి ముఖంలో ఏదో ఆరిపోయింది. ఒక్క క్షణమే. వెంటనే సర్దుకుంది.

"అంతేలే. పెద్ద కంపెనీవాళ్ళు అందరితో అలాగే అంటారు. నేనే ఏదేదో ఊహించుకున్నా." లేచి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "ఆర్డరు వచ్చిందిగా, అది చాలు. పట్టీల సంగతి కూడా అమ్మాయిలు ఫోన్ చేసి చెప్పారు. మా పెద్ద మేడం కుట్టి చూపించింది అని ఒకటే గొప్ప. రేపు నేనూ వస్తాను. పెట్టె విప్పేస్తానే."

పిల్ల పుస్తకం మూసేసి, "నేనూ వస్తా పిన్నీ," అని వెనకాలే మెట్లెక్కింది.

అక్క చేతి మీద చిట్టి చేతి వెచ్చదనం ఇంకా ఉంది. కావలసింది దొరికింది. చిట్టి ఎక్కడికీ వెళ్ళదు. ఎత్తు కుర్చీలో కూర్చోదు. రేపు మామూలుగా షెడ్డుకి వస్తుంది, చిన్న మేడంగానే ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి?

భర్త అప్పుడు మాట్లాడాడు, గొంతు పెంచకుండా.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"మీరే అన్నారుగా, అది లేకపోతే షెడ్డు నడవదని."

"అన్నాను. నువ్వు షెడ్డు కోసం చేశావంటే నేను నోరు మూసుకుంటాను. షెడ్డు కోసమే చేశావా?"

అక్క కుర్చీలో కూర్చుండిపోయింది.

పైనుంచి పిల్ల నవ్వు వినపడింది. అక్క లేచింది.

మేడ మీద గదిలో పెట్టె తెరిచి ఉంది. చిట్టి బట్టలు తీసి అలమరలో పెడుతోంది, పిల్ల హేంగర్లు అందిస్తోంది.

"నువ్వు కిందికి వెళ్ళమ్మా," అంది అక్క కూతురితో.

పిల్ల ఇద్దరి వంకా చూసి, హేంగర్ మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఆయన ఫోన్ చేశాడు," అంది అక్క. గుమ్మంలోనే నిలబడి ఉంది. "నీ కోసమే చేశాడు. రెండొందల మంది పనిచేసే చోటు. నీకిష్టం లేదని నేనే చెప్పేశాను."

చిట్టి చేతిలో చొక్కా ఉంది. దాన్ని మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"షెడ్డు కోసమా?"

"కాదు."

"మరి?"

"నాకు కుళ్ళుగా ఉంది చిట్టీ." ఎన్నాళ్ళుగానో గొంతులో ఇరుక్కున్న మాట, అనేసరికి చాలా చిన్నగా వినపడింది. "వాళ్ళు నిన్ను చూస్తే నవ్వుతారు. నన్ను చూస్తే లేచి నిలబడతారు. నా పిల్ల జడ కూడా నీ చేతే వేయించుకుంటుంది."

చిట్టి మంచం అంచున కూర్చుంది. కాసేపు నేల వంక చూసింది.

"నా మీద నీకు కుళ్ళా? నా దగ్గర ఏముందక్కా?" తలెత్తింది. "నీకు బావ ఉన్నాడు, పిల్లుంది, సొంతంగా నిలబెట్టుకున్న షెడ్డుంది. నేనుండేది నీ మేడ మీద గదిలో. ఆ పిల్ల జడ వేస్తుంటే, ఇది నా కూతురైతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసా? ఈ ఇంట్లో కుళ్ళుకున్నది నువ్వొక్కదానివే అనుకుంటున్నావా?"

అక్క తలుపు చెక్క పట్టుకుంది. ఈ జవాబు ఆమె ఎదురుచూసింది కాదు. తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది.

"అది నువ్వు సరేనంటే వెళ్ళాల్సిన ఉద్యోగం కాదు," అంది చిట్టి. "నిన్ను అడగమన్నాను చూడు, అక్కడ పొరపాటు నాది. నీ అనుమతి కోసం కాదు అడగమంది. నువ్వు నా గురించి ఒక్క మంచి మాట ఎవరితోనైనా అంటే వినాలనిపించింది."

కింద వంటింట్లో గిన్నె చప్పుడైంది.

"ఆయన ఇంకొకళ్ళని చూసుకున్నాడా?" అని అడిగింది చిట్టి.

"రేపటికి తేలుస్తానన్నాడు."

"అయితే ఇప్పుడు చెయ్యి. ఇక్కడే. నా ముందు."

"నువ్వు వెళ్ళిపోతావు."

"వెళ్తానో లేదో నాకింకా తెలియదు. నువ్వు ముందు చెయ్యి."

అక్క ఫోన్ తీసింది. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, మంచం మీద తమ ఇద్దరి మధ్యా పెట్టింది. అవతల చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని ఒకసారి, ఎత్తితే బాగుండునని ఒకసారి అనుకుంది. చిట్టి ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"హలో," అన్నాడు మేనేజర్. వెనకాల ఎవరో మాట్లాడుకుంటున్న చప్పుడు. "చెప్పండి మేడం. నేనిప్పుడు ఆ ఇంకొకాయనతోనే కూర్చుని ఉన్నాను."

అక్క గొంతు సవరించుకుంది.

"మేడం కాదండీ," అంది. "చిట్టి వాళ్ళక్కని మాట్లాడుతున్నాను."